సగం మందు చెట్టులో, సగం పేగులో

(విడవలూరులో చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరున మాట్లాడమంటే ఆయన అందించిన మందుల పేర్లు వరుసగా చెప్పి, మన తెలుగువాడని గర్వపడి వేదిక దిగిపోవచ్చు. ఆ గర్వం న్యాయమైనదే. అయితే ఈ సాయంత్రం ఆయన ఇంటిని కూల్చిన ఒక జబ్బు దగ్గర మొదలుపెట్టి, ఆయన తర్వాతి శాస్త్రజ్ఞులు పట్టుకున్న ఒక ప్రశ్న దాకా మిమ్మల్ని తీసుకెళ్లాలని నా కోరిక. ఆ జబ్బూ పేగుదే, ఆ ప్రశ్నా పేగుదే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. యువకుడిగా ఉండగానే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూలో తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పూసిపోతుంది, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమవుతాడు. మన వైద్యులు గ్రహణి అని పిలిచే జబ్బుల కుటుంబానికి చెందిందే ఇది. ఆ తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఇంగ్లీషు వైద్యం చదువుకున్న ఆ మనిషిని కోలుకునేలా చేసింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1922లో బోస్టన్ వెళ్లారు, మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, కండరాల శక్తికి సంబంధించిన పరిశోధనలు విద్యార్థులు పాఠ్యపుస్తకాల్లో చదువుకోవచ్చు. నేను నేరుగా 1940ల్లోకి వస్తాను. అప్పటికి ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలల్లో ఉన్నారు. రక్తహీనతకు పనికొచ్చే ఒక పదార్థం కాలేయంలో ఉందని తెలుసు. అది ఎంత ఉందో కొలవడానికి వాళ్లు వాడిన సాధనం ఒక బ్యాక్టీరియా. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ జాతికి చెందినదే అది. ఆ పదార్థం దొరికితేనే పెరుగుతుంది, దొరకకపోతే పెరగదు. అది ఎంత పెరిగిందో చూసి పదార్థం ఎంత ఉందో లెక్కగట్టేవాళ్లు. అంతేకాదు, ఆ పదార్థాన్ని పోలిన ఒక రూపాన్ని మరో బ్యాక్టీరియాను పెంచిన ద్రవం నుంచే వేరుచేశారు. 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. అదే ఫోలిక్ ఆమ్లం. ఈ రోజు విడవలూరు ఆసుపత్రిలో గర్భిణికి ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే.

ఫోలిక్ ఆమ్లం వచ్చిన కొద్ది కాలానికే టామ్ స్పైస్ అనే అమెరికా వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికోల్లోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. రక్తం పట్టింది, ఆకలి వచ్చింది, బరువు పెరిగారు. 1948లో సుబ్బారావు గారి నాయకత్వంలోని పరిశోధన విభాగం నుంచే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను లోకానికి చూపించాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి బిడ్డ. ఇప్పటికీ ఉష్ణమండల స్ప్రూకి వైద్యులు రాసేవి ముఖ్యంగా రెండే: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తన సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకు మొదటి మందూ, రెండోదాని కుటుంబంలో తొలి మందూ తన ప్రయోగశాల గడప దాటి వచ్చాయి. 1948 ఆగస్టులోనే ఆయన చనిపోయారు.

టెట్రాసైక్లిన్ ఎందుకు పనిచేస్తుంది? స్ప్రూ రోగుల చిన్నపేగులో, ఉండకూడని చోట, బ్యాక్టీరియా విపరీతంగా చేరి ఉంటుంది కాబట్టి. అంటే ఒక మందు బ్యాక్టీరియా సాయంతో దొరికింది, రెండోది బ్యాక్టీరియాను చంపడానికి వచ్చింది. మరి లక్ష్మీపతి గారి లాంటి వైద్యులు ఆకూ వేరూ నూరి ఇచ్చే మందు ఇదే పేగులోకి దిగాక, ఇదే బ్యాక్టీరియా మధ్యకు చేరాక, ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబులు గత 50 ఏళ్లలో వచ్చాయి. అవి మన వంటింటికీ, మన వైద్యుల మూటకూ ఎంతో దగ్గరివి.

మన ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఈ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది. రొయ్యలు పెంచే మీకు దీన్ని వివరించడం సులువు. గుంటలో చల్లిన మేతంతా రొయ్య తినదు. అడుక్కి చేరింది బ్యాక్టీరియా పాలవుతుంది. అక్కడున్నది ఏ రకం బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టే నీళ్లు బాగుండడమో, అమ్మోనియా పెరగడమో జరుగుతుంది. అందుకే మీరు తవుడు, బెల్లం నానబెట్టి అందులో ప్రోబయోటిక్ పులియబెట్టి చల్లుతారు. ఒకే మేత, ఒకే పిల్ల వేసినా పక్కపక్క గుంటల్లో పంట ఒకేలా రాదని మీకు తెలుసు. పెద్దపేగు సంగతి కూడా ఇంతే. చిన్నపేగు వాడుకోలేక వదిలిన ప్రతిదీ అక్కడి బ్యాక్టీరియాకు మేత.

ఇక ఆ మేతలో చేరే మూలికల సంగతి. చెట్లు తమ ఘాటైన రసాయనాల్లో చాలావాటిని ఊరికే ఉంచుకోవు. చక్కెర అణువు ఒకటో రెండో తగిలించి కణాల్లో దాచుకుంటాయి. వీటిని గ్లైకోసైడ్లు అంటారు. చక్కెర తగిలి ఉన్నంతసేపు చాలా గ్లైకోసైడ్లు పేగు గోడ దాటి రక్తంలోకి సరిగ్గా పోలేవు. ఆ ముడుల్లో కొన్నింటిని తెంచే ఎంజైములు మనకు లేవు, బ్యాక్టీరియాకు ఉన్నాయి. వాటికి కావలసింది చక్కెర. తెంచి చక్కెర తినేస్తాయి. మిగిలిన ముక్క మనకు మందు అవుతుంది, ఒక్కోసారి విషమూ అవుతుంది.

నేలతంగేడు చూడండి. సునాముఖి అని కూడా అంటాం. ఆ ఆకు కషాయం రాత్రి పడుకోబోయే ముందు తాగిస్తారు, విరేచనం తెల్లవారి అవుతుంది. మధ్యలో ఆ ఆరేడు గంటలు దేనికి? ఆకులో ఉండే సెన్నోసైడ్లు విరేచనకారులు కావు. అవి చిన్నపేగంతా దాటి పెద్దపేగు చేరాలి. అక్కడి బ్యాక్టీరియా ముందు చక్కెరను తీసేయాలి, తర్వాత మిగిలినదాన్ని రెండుగా చీల్చాలి. అప్పుడు పుట్టే రైన్ ఆంత్రోన్ అనే పదార్థమే పెద్దపేగును కదిలిస్తుంది. ఆకులో లేని మందు మన లోపల తయారవుతోంది. రాత్రి పూట ఇవ్వాలని నిర్ణయించిన వైద్యుడికి బ్యాక్టీరియా తెలియదు, కానీ దానికి పట్టే సమయం కచ్చితంగా తెలుసు. ఆ పరిశీలనకు నేను చేతులెత్తి మొక్కుతాను.

పేగు బ్యాక్టీరియా చేసే ఈ పనిని గట్టిగా నిరూపించినవారిలో జపాన్‌లోని తోయామా శాస్త్రజ్ఞులు ముఖ్యులు. కోబాషి, హట్టోరి, అకావో అనేవారు 1980ల నుంచి మనుషుల మలంలోని బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా వేరుచేసి, ఏది ఏ మూలికను మారుస్తుందో చూశారు. తోయామా కొన్ని వందల ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగి మందులమ్మే వర్తకులకు పేరుపడ్డ ప్రాంతం. పాత వైద్యం మీద ప్రేమ ఉన్నవాళ్లే దాన్ని అంత కఠినంగా పరీక్షకు పెట్టడం నాకు చాలా నచ్చిన విషయం. వాళ్ల ప్రయోగం ఒకటి చెప్తాను. కలబంద మట్ట కోస్తే కారే పసుపుపచ్చ రసాన్ని ఎండబెడితే ముసాంబరం అవుతుంది. అందులో బార్బలోయిన్ ఉంటుంది. పొట్టలో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు దాన్ని ఇచ్చారు. విరేచనం కాలేదు. తర్వాత మనిషి పేగు నుంచి తీసిన ఒకే ఒక్క బ్యాక్టీరియాను ఆ ఎలుకల పొట్టలో పెంచి, మళ్లీ అదే మందిచ్చారు. ఈసారి తీవ్రమైన విరేచనాలయ్యాయి. మందు మారలేదు, మోతాదు మారలేదు, ఎలుక మారలేదు. ఒక్క బ్యాక్టీరియా వచ్చి చేరింది.

అతిమధురం కూడా ఇలాంటిదే. దగ్గుకు పిల్లల నోట్లో వేసే ఆ తియ్యని వేరులోని గ్లిసిరైజిన్ నేరుగా రక్తంలోకి పెద్దగా పోదు. పేగు బ్యాక్టీరియా దాని చక్కెరలు తీసేశాక గ్లిసిరెటినిక్ ఆమ్లంగా లోపలికి వెళ్తుంది. ఇది ఎక్కువై ఎక్కువ రోజులు సాగితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. చెట్టు మందు కదా, ఏమీ చేయదులే అనే మాట మనలో చాలామంది అంటారు. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు అతిమధురం పొడి నెలల తరబడి వాడుతుంటే ఆ మాట ప్రమాదకరమైనది.

పసుపు గురించి మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందులోని కుర్కుమిన్ ఎంత తిన్నా రక్తంలో కనిపించేది చాలా తక్కువ. మరి మిగతాది ఏమవుతుంది? మనిషి పేగులోని ఇ.కోలై బ్యాక్టీరియాలో కుర్కుమిన్‌ను మార్చే ఎంజైము ఒకటుందని 2011లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. అది కుర్కుమిన్‌ను టెట్రాహైడ్రోకుర్కుమిన్‌గా మారుస్తుంది. కుర్కుమిన్ మీద జరిగిన పరీక్షలన్నింటినీ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నా మనసుకు అన్నింటికంటే దగ్గరిది త్రిఫల. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఈ మూడింటి వగరుకు కారణం టానిన్లు. వాటిలో ఎల్లాజిటానిన్లనే రకం విడిపోయి ఎల్లాజిక్ ఆమ్లం అవుతుంది. దాన్ని పెద్దపేగులోని కొన్ని బ్యాక్టీరియాలు యూరోలిథిన్లనే పదార్థాలుగా మారుస్తాయి. ఎల్లాజిక్ ఆమ్లం కంటే ఈ యూరోలిథిన్లు రక్తంలోకి బాగా పోతాయి. కణాల్లో పాతబడిన మైటోకాండ్రియాను తొలగించే పనిని యూరోలిథిన్-ఎ చురుకు చేస్తుందని 2016లో పురుగుల్లో, ఎలుకల్లో చూపించారు. అయితే స్పెయిన్‌లోని ముర్సియాలో టోమాస్ బర్బెరాన్ బృందం దానిమ్మ, అక్రోటుకాయలు తినిపించి మూత్రాన్ని పరీక్షిస్తే మనుషులు మూడు తెగలుగా తేలారు. కొందరిలో యూరోలిథిన్-ఎ పుడుతుంది. కొందరిలో మరో రకం యూరోలిథిన్లు కూడా పుడతాయి. కొందరిలో అసలేమీ పుట్టదు. ఆ పని చేసే బ్యాక్టీరియాల్లో ఒకటైన గోర్డోనిబాక్టర్‌ను 2014లో గుర్తించారు. అది మీ పేగులో ఉందా లేదా అన్నది మీ మొహం చూసి చెప్పలేరు, నాడి చూసీ చెప్పలేరు.

ఒకే ఇంట్లో అన్నకు పనిచేసిన చూర్ణం తమ్ముడికి పనిచేయలేదంటే, ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మన నెల్లూరు జిల్లాలోనే 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కరోనా మందు కోసం వేలమంది బారులు తీరిన రోజులు మీ అందరికీ గుర్తే. రాష్ట్రమంతా రెండుగా చీలి, పనిచేస్తుందని కొందరు, చేయదని కొందరు వాదించుకుంది. చివరికి కంటిలో వేసే మందును ఆపి, నోటి మందుకు ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ వాదనలో నాకు లోటుగా తోచింది ఒకటుంది. మూలికలేమిటని అందరూ అడిగారు. తీసుకున్నవాళ్ల ఒంట్లో ఏం జరుగుతోందో, ఎవరికి ఏమయిందో వరుసగా నమోదు చేసి, తీసుకోనివారితో పోల్చి చూద్దామన్న మాటకు ఆ హడావుడిలో పెద్దగా చోటు దక్కలేదు. మూలికల పట్టీ ఎంత పొడుగున్నా అది సగం సమాచారమే.

బ్యాక్టీరియా మందును తయారుచేయడమే కాదు, తినేస్తుంది కూడా. చేలగట్ల మీద దూలగొండి తగిలి దురద పుట్టని పల్లెటూరివాడు ఉండడు. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి కనుగొన్నారు. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్ వ్యాధికి ఈ రోజు ప్రపంచమంతా ఇచ్చే ప్రధానమైన మందు అదే. అది మెదడు చేరి అక్కడ డోపమైన్ కావాలి. పేగులోనే డోపమైన్ అయిపోతే వృథా, ఎందుకంటే డోపమైన్ మెదడు గడప దాటలేదు. ఎంటరోకోకస్ ఫేకాలిస్ అనే పేగు బ్యాక్టీరియా సరిగ్గా ఆ పాడుపనే చేస్తుందని 2019లో తేలింది. ఒంట్లో జరిగే ఆ మార్పును ఆపడానికి మాత్రలో కార్బిడోపా కలుపుతారు కదా, అది ఈ బ్యాక్టీరియా ఎంజైమును ఆపలేదు.

ఇప్పుడు మన పొరుగున ఉన్న వెల్లూరుకి వస్తాను. పెద్ద జబ్బు చేస్తే నెల్లూరు జిల్లావాళ్లం మద్రాసుకో వెల్లూరుకో రైలెక్కుతాం. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బేకర్, మథన్ అనే వైద్యులు సుబ్బారావు గారి కుటుంబాన్ని బలిగొన్న ఆ స్ప్రూ మీదే ఏళ్లపాటు పరిశోధన చేశారు. అదే మథన్ గారు న్యూయార్క్ వైద్యుడు లిండెన్‌బామ్‌తో కలిసి 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. డిజాక్సిన్ అనేది డిజిటాలిస్ మొక్క నుంచి వచ్చే గుండె మందు. మన గన్నేరులో ఉండే విషం కూడా ఈ జాతిదే, అందుకే గన్నేరు జోలికి ఎవరూ పోకూడదు. కొందరి పేగుల్లో ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా డిజాక్సిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. న్యూయార్క్ వాసుల్లో నూటికి 36 మందిలో ఆ మార్పు కనబడింది. దక్షిణ భారతీయుల్లో నూటికి 14 మందిలోపే. మన పల్లెల్లో అయితే ఇంకా తక్కువ. అమెరికా రోగులను చూసి రాసుకున్న అంచనా తమిళనాడు పల్లెకు సరిపోలేదన్నమాట. మన పేగుల సంగతి మన దగ్గరే చూడాలని ఆ పరిశోధన అప్పుడే చెప్పింది.

లిండెన్‌బామ్ 1981లోనే మరో సంగతి చూపించాడు. పేగులో ఇలా డిజాక్సిన్ నిర్వీర్యమయ్యేవారికి ఎరిత్రోమైసిన్ గాని టెట్రాసైక్లిన్ గాని ఇస్తే, బ్యాక్టీరియా చచ్చి, రక్తంలో డిజాక్సిన్ అమాంతం పెరిగింది. గుండె మందు మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. సుబ్బారావు గారి ప్రయోగశాల మొదలుపెట్టిన ఆ కుటుంబపు మందే, వేరే మందు బలాన్ని ఇలా మార్చేయగలదు.

ఎగర్తెల్లా లెంటా మీదే 2013లో అమెరికాలో ఎలుకలతో చేసిన పని మన పథ్యం అనే అలవాటుకు కొత్త అర్థం ఇస్తుంది. మేతలో మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఎలుకల్లో ఆ బ్యాక్టీరియా డిజాక్సిన్ జోలికి పెద్దగా పోలేదు. మాంసకృత్తుల్లోని ఆర్జినిన్ దాన్ని ఆపింది. అంటే మందుతో పాటు ఏం తిన్నామన్నది మందు బలాన్ని మారుస్తుంది. ఈ తీరంలోని యానాది గిరిజనుల దగ్గర, మన పాత వైద్యుల దగ్గర ప్రతి వేరుకూ ఒక పథ్యం ఉంది. చరకుడు గ్రహణి రోగికి మజ్జిగను ప్రత్యేకంగా చెప్పాడు. వీటన్నిటికీ శాస్త్రం ముద్ర వేసేసిందని నేను అనడం లేదు. ఒక్కో పథ్యాన్నీ ఒక్కో ప్రశ్నగా తీసుకుని పరీక్షించే దారి ఇప్పుడు దొరికిందంటున్నాను. జఠరాగ్ని అంటే బ్యాక్టీరియాయే, అంతా మనవాళ్లకు ముందే తెలుసు అని ఈ మధ్య కొందరు రాస్తున్నారు. అది ఆ పెద్దలకు గౌరవం కాదు. వాళ్లు కళ్లతో చూసినదాన్ని చూసినట్టు చెప్పారు, చూడనిదాన్ని చూశామనలేదు.

మీకు రెండు విన్నపాలు.

మొదటిది ఇళ్లకు. జలుబుకూ జ్వరానికీ డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనకండి. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు తేలితే సరుకు తిప్పి పంపుతారని మీకు తెలుసు, గుంటల విషయంలో మీరు జాగ్రత్తపడుతున్నారు. ఆ జాగ్రత్తే పిల్లల పొట్ట విషయంలోనూ పడండి. అల్లోపతి డాక్టరు దగ్గరికి వెళ్తే మీరు తాగే కషాయం, మింగే చూర్ణం పేరు చెప్పండి. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్తే ఈ మధ్య వాడిన యాంటీబయాటిక్ సంగతి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

రెండోది ఇక్కడున్న విద్యార్థులకు, అధ్యాపకులకు. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. త్రిఫల చూర్ణం కొలిచి ఇచ్చి, మర్నాడు, ఆ మర్నాడు మూత్రం తీసుకుని, యూరోలిథిన్లు ఎవరిలో పుట్టాయో ఎవరిలో పుట్టలేదో చూడడం అందని పని కాదు. విడవలూరు నుంచి రామతీర్థం దాకా చేపలు తినే ఇళ్లు, వరి పండించే ఇళ్లు, యానాది కాలనీలు, పట్నం వెళ్లి వచ్చే ఉద్యోగస్తుల ఇళ్లు అన్నీ ఉన్నాయి. వాళ్ల అనుమతితో, వాళ్లకు అర్థమయ్యేలా వివరించి, నైతిక కమిటీ ఆమోదంతో ఆ అధ్యయనం చేయండి. ముర్సియా మనుషుల లెక్క మనకు తెలుసు. మన మండలం మనుషుల లెక్క మనమే తీయాలి. దాన్ని మీలో ఎవరైనా మొదలుపెట్టండి.